20 నెలల పాప మూడు రకాలు తప్ప ఏదీ ముట్టడం లేదు, ఎక్కడ తప్పు చేశాను?

నిద్రకరువు అమ్మ అడిగారు:

నమస్తే అండీ. పాపకి 20 నెలలు. పదకొండో నెల దాకా ఏది పెడితే అది తినేది. చెంచా ఎత్తితే చాలు, పిట్టపిల్లలా నోరు తెరిచేది. ఇంటికి ఎవరొచ్చినా "మా పాపతో తిండి దగ్గర ఏ పేచీ లేదు" అని గొప్పలు పోయేదాన్ని. ఆ మాటకి ఇప్పుడు వడ్డీతో సహా కడుతున్నాను.

ఇప్పుడు తినేవి మూడు. తెల్లన్నం (దాని మీద ఏ రంగూ అంటకూడదు), అరటిపండు, బిస్కెట్లు. ఇంకేది తెచ్చినా పెదాలు బిగించేసి తల పక్కకి తిప్పేస్తుంది. బలవంతంగా పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. మొన్న ఉడికించిన క్యారెట్ ముక్క ఒకటి ఎలాగో నోట్లోకి పంపి, గెలిచాననుకున్నాను. నలభై నిమిషాల తర్వాత నిద్రపోయింది కదా అని చెంప తుడుస్తుంటే లోపల ముక్క చెక్కుచెదరకుండా ఉంది! గొంతుకి అడ్డం పడితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

పూటకి గంట, గంటన్నర పడుతోంది. ఫోన్ పెట్టి, పాట మారే సందులో ఒక చెంచా తోస్తాను. ఫోన్ ఆపితే నోరు మూతపడుతుంది. ఏమీ తినని రోజు కనీసం పాలైనా పోతాయి కదా అని సీసా ఇస్తాను. 200 మి.లీ. సీసాలు రోజుకి నాలుగు, ఒక్కోసారి ఐదు.

పుట్టినప్పుడు 3 కిలోలు, ఏడాదికి 9, ఇప్పుడు 10 కిలోల 500 గ్రాములు. డాక్టర్ గారు చార్ట్ చూసి బాగానే ఉందన్నారు, రెండు నిమిషాల్లో పంపించేశారు. ఇంట్లో మాత్రం అత్తయ్య రోజూ ఒకే మాట: "మేమూ పిల్లల్ని పెంచాం, ఇలా ఎవరూ లేరు." నాకూ అదే అనిపిస్తోంది. ఏదో నేనే చెడగొట్టాను. ఎక్కడ?

చిట్టాపద్దుల నాన్న:

ముందు మీ లెక్క నన్ను వేయనివ్వండి. ఉద్యోగం అకౌంట్స్‌లో, ఆ జబ్బు ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

మొదటి ఏడాది మీ పాప 6 కిలోలు పెరిగింది. రెండో ఏడాది మొత్తం కలిపి పిల్లలు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎనిమిది నెలల్లో కిలోన్నర వచ్చిందంటే పద్దు సరిపోయింది. ఎదుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ నెమ్మదించింది. మనం మాత్రం పదో నెలలో తిన్న గిన్నెనే కొలతగా పెట్టుకుని, ఇప్పుడు అందులో సగమే తింటోందని ఏడుస్తాం. మా పెద్దవాడి విషయంలో నేను సరిగ్గా అదే చేశాను.

ఇక పాలు. ఐదు సీసాలంటే లీటరు. లీటరు పాలలో సుమారు 600 కేలరీల పైనే ఉంటాయి. ఈ వయసు పిల్లకి రోజు మొత్తానికి కావాల్సింది 900 నుంచి 1,000 దాకా. అంటే మూడింట రెండు వంతులు సీసాలోనే పోతున్నాయి. మిగిలిన కొంచెం చోటుకి అరటిపండు, బిస్కెట్ ఉండనే ఉన్నాయి. మీ పాప తిండి మానేయలేదండీ. కడుపు నిండుగా భోజనానికి కూర్చుంటోంది, అంతే.

ఇంకో సంగతి. ఆవు పాలలో ఐరన్ దాదాపు లేనట్టే. పైగా మిగతా తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఐరన్ తగ్గితే ఆకలి మందగిస్తుంది, తినదు కాబట్టి మళ్లీ పాలిస్తాం. ఈ గానుగలో మేం ఐదు నెలలు తిరిగాం. ఈ వయసులో పాలు రోజుకి అర లీటరు దాటకుండా చూసుకోండి, అదీ సీసాలో కాకుండా కప్పులో. ఈసారి వెళ్లినప్పుడు రక్త పరీక్ష సంగతి మీరే అడగండి. రెండు నిమిషాల్లో పంపించేసేవాళ్లని అడగకపోతే చెప్పరు.

"ఎక్కడ చెడగొట్టాను" అన్నారు. నడక వచ్చాక పిల్లలకి కొత్త తిండి అంటే భయం మొదలవుతుంది. రెండు నుంచి ఆరేళ్ల మధ్య అది బాగా ఉంటుంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్లలు పూర్వం అడవుల్లో బతికి ఉండేవాళ్లు కాదు, అందుకే ఈ జాగ్రత్త పుట్టుకతో వచ్చిందని ఒక ఊహ. బ్రిటన్‌లో కవల పిల్లల మీద జెమిని అని పెద్ద అధ్యయనం జరిగింది. 16 నెలల వయసులోనే ఈ పేచీలో జన్యువుల వాటా బాగా ఉందని తేలింది. ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి వంట తిని మా పెద్దవాడు అలా, చిన్నవాడు ఇలా తయారవడానికి నాకు దొరికిన జవాబు అదొక్కటే. మీ అత్తయ్య గారి పిల్లలు వేరే విత్తనం కావచ్చు. లేదా ఆవిడ మర్చిపోయి ఉండొచ్చు. మా అమ్మా అలాగే అనేది. నేను ఏడేళ్ల దాకా గుడ్డు చూస్తే బల్ల కింద దాక్కునేవాణ్ణని మా పెద్దమ్మ చెప్పేదాకా నాకూ తెలియదు.

నిద్రకరువు అమ్మ:

పాల లెక్క చూసి గుండె ఆగినంత పనైంది. తినట్లేదని పాలు, పాల వల్ల తినకపోవడం! మరి పాలు తగ్గించేస్తే, ఆ రోజు అన్నం కూడా ముట్టకపోతే? రాత్రి ఆకలితో లేస్తుందని భయం. ఫోన్ కూడా ఒకేసారి ఆపేయాలా?

ముగ్గురి అమ్మమ్మ:

ఒక్క రోజు కడుపు మాడిస్తే అన్నీ వాళ్లే తింటారు. పిల్లలకి అంత చనువివ్వకూడదు. ఇప్పటి తల్లులకి ఓపిక లేదు, అంతే సంగతి.

ఓకరింతల బాబు అమ్మ:

అమ్మమ్మ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆ మాట విని నేను చాలా పోగొట్టుకున్నాను. మా బాబుకి ముక్క తగిలితే ఓకరింత వచ్చేది. మొండితనం అనుకున్నాం, మాడ్చి చూశాం కూడా. రెండు పూటలు మాడ్చినా వాడు ముక్క ముట్టలేదు. నీరసపడి పడుకున్నాడు. చివరికి తేలిందేమిటంటే, వాడికి నోట్లో ముక్కని నాలుకతో పక్కకి తోసి నమలడమే రావట్లేదు. స్పీచ్ థెరపీ చేసేవాళ్లలో తిండి సమస్యలు చూసేవాళ్లు ఉంటారని అప్పుడే తెలిసింది. మేం వెళ్లిన థెరపిస్ట్ మొదటి రోజు నోట్లో ఏమీ పెట్టలేదు. ముందు వాడు చేత్తో తాకే దాకా, ఆ తర్వాత వాసన చూసే దాకా రోజులు గడిచాయి. ఆరు నెలలు పట్టింది.

అందుకే ప్రశ్న అడిగిన అమ్మకి నా మాట. మీ పాపది మామూలు పేచీలాగే ఉంది, కానీ వీటి మీద ఒక కన్నేసి ఉంచండి: బరువు తగ్గడం లేదా చార్ట్‌లో గీత నుంచి గీతకి జారడం, మింగేటప్పుడు దగ్గు, పొలమారడం, ముక్కలు తగలగానే ప్రతిసారీ కక్కుకోవడం, నిన్నటిదాకా తిన్నవి ఒక్కొక్కటే వదిలేసి మళ్లీ వాటి వైపు చూడకపోవడం. తినే రకాలు పెరగకపోగా తగ్గుతూ పోతుంటే ఆగకండి. తిండికి ఇలా బాగా దూరమయ్యే స్థితికి అర్‌ఫిడ్ అని పేరు కూడా ఉంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకంలోకి చేరింది. అందరు పిల్లలకీ అది ఉందని కాదు. "మొండి" అన్న ముద్ర వేసే ముందు ఒకసారి చూడమని.

అన్నట్టు, మలబద్ధకం ఉందేమో చూడండి. పాలు ఎక్కువైన పిల్లల్లో అదీ ఆకలిని చంపేస్తుంది. మా ఇంట్లో సగం గొడవ అదే.

చిట్టాపద్దుల నాన్న:

పై మాట వందకి వంద నిజం. నిద్రకరువు గారూ, మీ రెండు ప్రశ్నలకి వస్తాను.

ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక పోషకాహార నిపుణురాలు ఉన్నారు. ఆవిడ పని పంచిపెట్టింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఈ మూడూ పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి, ఈ రెండూ పిల్లల పని. చదవడానికి తేలికే. చేసేటప్పుడు మాత్రం చేతులు కట్టేసుకోవాల్సి వస్తుంది. నేను నిజంగానే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి, చెంచా పట్టుకోకుండా.

మాడ్చడానికీ దీనికీ తేడా ఉంది. మాడ్చడంలో తిండి ఉండదు. ఇక్కడ రెండున్నర, మూడు గంటలకోసారి తిండి బల్ల మీద ఉంటుంది. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ ఉండవు. ప్లేట్‌లో పాప తప్పకుండా తినేది ఒకటి ఎప్పుడూ ఉండాలి. మీ ఇంట్లో అయితే తెల్లన్నం. పక్కన ఇంకొకటి, చాలా కొంచెం. ఏడాది వయసుకి ఒక టేబుల్ స్పూన్ చొప్పున పెట్టమంటారు. కొత్తదైతే నేను బఠానీ గింజంత పెట్టేవాణ్ణి. పావుగంట, ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. అంతే, ప్లేట్ తీసేయండి. మొహం మాడ్చుకోకుండా తీసేయాలి, కష్టం అక్కడే. రాత్రి పడుకునే ముందు ఇంకో చిన్న పూట పెట్టుకోండి, ఆకలితో లేస్తుందన్న భయం మీకు తగ్గుతుంది.

"ఒక్క ముద్ద, అమ్మ కోసం ఒక్క ముద్ద" కూడా బలవంతమే. చిన్న పిల్లలకి సూప్ పెట్టి, కొందరిని "తాగెయ్, తాగెయ్" అని తొందరపెట్టి చూసిన పరిశోధన ఒకటుంది. తొందరపెట్టిన పిల్లలే తక్కువ తాగారు, దాని గురించి చెడుగా మాట్లాడింది కూడా వాళ్లే. "క్యారెట్ తింటే బిస్కెట్ ఇస్తా" అనడం ఇంకా ఘోరం. క్యారెట్ శిక్ష, బిస్కెట్ బహుమతి అని మన నోటితోనే చెబుతున్నాం.

ఫోన్ నేను ఒకేసారి ఆపలేదు. ముందు ఒక్క పొద్దుటి పూట ఆపాను. తెర చూస్తూ తినే పిల్లకి కడుపు నిండిందో లేదో తెలియదు, నోట్లో ఏముందో తెలియదు. బుగ్గన ముక్క నలభై నిమిషాలు ఉండిపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. ఎవరు పెట్టినా, నిద్రపోయే ముందు ఒకసారి నోరు చూడండి.

ఇప్పుడు నా పుస్తకం సంగతి. మా పెద్దవాడికి కొత్త తిండి ఎన్నిసార్లు చూపించామో రాసేవాణ్ణి. పరిశోధనల్లో ఎనిమిది నుంచి పదిహేను సార్లు అంటారు. మనం మూడోసారికే "వీడికి ఇది నచ్చదు" అని తీర్పిచ్చేస్తాం. బఠానీ పేజీ ఇక్కడ రాస్తాను:

1: నేల మీదికి విసిరాడు. 2: విసిరాడు. 3: విసిరాడు, నా వైపు చూసి నవ్వాడు. 4: నేను నవ్వలేదు, వాడూ విసరలేదు. 5: వేలితో చిదిమాడు. 6: చిదిమి జుట్టుకి రాసుకున్నాడు. 7: ముట్టలేదు (పళ్లు వస్తున్నాయి). 8: నా ప్లేట్‌లో పెట్టాడు, నేను తిన్నాను. 9: నాకాడు. 10: నోట్లో పెట్టుకుని తీసేశాడు. 11: అదే. 12: ముట్టలేదు. 13: తిన్నాడు. ఒక్క గింజ.

14: విసిరాడు.

పద్నాలుగో రోజు రాత్రి ఆ పుస్తకం బీరువాలో పడేశాను. మా ఆవిడ తీసి మళ్లీ బల్ల మీద పెట్టింది. బఠానీ వాడి రోజువారీ తిండిలోకి వచ్చేసరికి ఇరవై రెండు.

ముగ్గురి అమ్మమ్మ:

మాడ్చమని అన్నాను, తప్పైతే వదిలేయండి. మనవడి సంగతి ఒకటి చెబుతాను. మా కోడలు వాడికి పద్నాలుగో నెల దాకా అన్నీ మిక్సీలో తిప్పి గంజిలా చేసి పెట్టింది, గొంతుకి అడ్డం పడుతుందని భయం. ఆ తర్వాత ముక్క పెడితే వాడు ఒప్పుకోలేదు. నాలుగేళ్లొచ్చినా ఇంకా మెత్తటివే కావాలి. మీ పాపకి ఎప్పటిదాకా మిక్సీ వేశారు?

నిద్రకరువు అమ్మ:

పదమూడో నెల దాకా. ఇప్పుడు అన్నీ కలిసి ఒక్కసారే మీద పడుతున్నాయి.

ఓకరింతల బాబు అమ్మ:

బాధపడకండి, ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. పదో నెల దాటాక ముక్కలు మొదలుపెట్టిన పిల్లలకి తర్వాత తినిపించడం ఎక్కువ కష్టమైందని రాశారు. అందుకే ఇది చదివే చిన్న పాపల అమ్మలు ఎనిమిది, తొమ్మిది నెలల్లోనే చేత్తో చిదిమితే చితికే ముక్కలకి అలవాటు చేయండి. ఓకరించినంత మాత్రాన ప్రమాదం కాదు. పసిపిల్లలకి ఆ స్పందన నాలుక ముందు భాగంలోనే ఉంటుంది, ముక్కని వెనక్కి పోనివ్వకుండా కాపాడుతుంది. ఓకరించేటప్పుడు చప్పుడు చేస్తారు, మొహం ఎర్రబడుతుంది. నిజంగా అడ్డం పడితే చప్పుడు రాదు, దగ్గలేరు. ఈ తేడా ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. పచ్చి క్యారెట్ ముక్కలు, గుండ్రటి ద్రాక్ష, గట్టి గింజలు మాత్రం వద్దు. ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు చీలికలు చేయండి.

చిట్టాపద్దుల నాన్న:

అమ్మమ్మ గారి మాట మీద గుర్తొచ్చింది. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరమ్మ, తల్లిపాలు మానిన పసిపిల్లల ముందు రకరకాల తిండి పెట్టి, ఎవరూ నోరెత్తకుండా వాళ్లకి నచ్చింది తిననిచ్చింది. 1939లో 15 మంది పిల్లల సంగతి రాసింది. ఒకడు ఒక పూట గుడ్ల మీద గుడ్లు తిన్నా, మొత్తం మీద అందరూ బాగా పెరిగారు. ఇది చదివి మా తమ్ముడు "చూశావా, పిల్లల్నే ఎంచుకోనివ్వాలి" అన్నాడు. అసలు కిటుకు వాడికి కనపడలేదు. ఆవిడ పెట్టిన 34 రకాల్లో బిస్కెట్ లేదు, చక్కెర లేదు. ఏది ఎంచుకున్నా మంచిదే అయ్యేలా ముందే సర్దింది. నిద్రకరువు గారూ, మీ ఇంట్లో బిస్కెట్ డబ్బా కనపడే చోట ఉంటే దాన్ని ముందు దాచండి. పాప కోసం కాదు, మీ కోసం. రాత్రి ఏడున్నరకి, ఏమీ తినని పిల్లని చూస్తూ, ఆ డబ్బా వైపు వెళ్లేది మన చెయ్యే.

నిద్రకరువు అమ్మ (మూడు వారాల తర్వాత):

చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. రక్త పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 9.8, ఐరన్ తక్కువ. చుక్కల మందు రాశారు. పాలతో కలిపి ఇవ్వొద్దన్నారు. మూడో రోజు మలం నల్లగా రావడం చూసి నేను ఏడ్చి ఫోన్ చేస్తే, ఆ మందుకి అలాగే వస్తుందట. ముందే చెప్పి ఉంటే బాగుండేది.

పాలు ఇప్పుడు రోజుకి రెండు కప్పులు, మొత్తం 400 మి.లీ. మొదటి మూడు రాత్రులు నరకం. సీసా దాచిన అల్మరా ముందు కూర్చుని తలుపు కొట్టేది. రెండో రాత్రి మా ఆయన లేచి సీసా కడుగుతుంటే పట్టుకున్నాను. ఇద్దరం వంటింట్లో లైట్ వేయకుండా పోట్లాడుకున్నాం. నాలుగో రోజు పొద్దున తనంతట తానే కుర్చీ ఎక్కి కూర్చుంది.

ఫోన్ పొద్దుట, మధ్యాహ్నం లేదు. రాత్రి ఇంకా ఉంది. ఒప్పేసుకుంటున్నాను. ఆ టైమ్‌కి నాలో పోరాడే శక్తి ఉండదు.

తిండి సంగతికొస్తే, అద్భుతాలేం లేవు. బంగాళాదుంప తింటోంది, గుడ్డు పచ్చసొన తింటోంది, తెల్లసొన విసురుతోంది. పూట పావుగంటలో అయిపోతోంది. మిగిలిన సమయంలో ఏం చేయాలో తెలియక మొదట్లో ప్లేట్ ముందే కూర్చుండిపోయాను.

క్యారెట్‌కి నిన్న తొమ్మిదోసారి. ఉడికించి, పొడుగ్గా కోసి ఒకటే పెట్టాను. కాసేపు దాన్ని పట్టుకుని బల్ల మీద గీతలు గీసింది. తర్వాత కొన కొరికింది. నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను, ఊపిరి కూడా తీసుకోలేదు. రెండుసార్లు నమిలి, నా వైపు చెయ్యి చాపమన్నట్టు చూసింది. చాపాను. అరచేతిలో ఉమ్మేసింది.

ఇప్పుడు కొత్త గొడవ. తన ప్లేట్‌లో ఉన్నదే నా ప్లేట్‌లోనూ ఉన్నా, నాదే కావాలంటోంది. ఇవ్వాలా వద్దా?

చిట్టాపద్దుల నాన్న:

ఇవ్వండి. రేపటి నుంచి మీ ప్లేట్‌లో ఎక్కువ పెట్టుకోండి. ఉమ్మిన క్యారెట్ "10: నోట్లో పెట్టుకుని తీసేశాడు" కిందికి వస్తుంది, రాసుకోండి.